చుక్కలతో చందమామ మీదికి: రెండు రోజుల్లో ఒక బుల్లి కంప్యూటర్ ఆట

వీడియో గేమ్ అనే మాట వినగానే మన ఇళ్ళల్లో రెండు రకాల ముఖాలు కనిపిస్తాయి. పిల్లల ముఖం వెలిగిపోతుంది, పెద్దల ముఖం ముడుచుకుంటుంది. "హోంవర్కు అయిందా? తెలుగు అక్షరాలు దిద్దావా? అప్పుడే ఆటేమిటి?" అన్న మాటలు అమెరికాలోని ప్రతి తెలుగింట్లోనూ వినబడేవే. ఆ వాదనలో ఎవరిది గెలుపో తేల్చడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఆట ఆడటం ఒక ఎత్తు, ఆటను తయారు చెయ్యడం మరో ఎత్తు. ఆ రెండో దాని గురించే ఇక్కడ నాలుగు మాటలు చెప్పుకుందాం.

మన బడిలోని పెద్ద తరగతి పిల్లలు కొందరు, ఉపాధ్యాయులం, తల్లిదండ్రులం కలిసి ఒక వారాంతపు గేమ్ జామ్ కోసం చిన్న ఆట తయారు చేశాం. చంద్రుడి మీద ఒక నౌకను నెమ్మదిగా దింపాలి. అంతే ఆట! దాన్ని ఎలా చేశామో, అందులోని మాటలు తెలుగులోనే ఉండాలని ఎందుకు పట్టుబట్టామో, కంప్యూటర్ లేకుండా కాగితం, పెన్సిలుతో మీరు ఇవాళే ఎలా మొదలుపెట్టవచ్చో వివరిస్తాం.

గేమ్ జామ్ అంటే ఏమిటి?

పిల్లలూ! ఈ జామ్ రొట్టె మీద రాసుకునేది కాదు. జాజ్ సంగీతం వాయించేవాళ్ళు ఒకచోట చేరి, ముందుగా ఏమీ అనుకోకుండా అప్పటికప్పుడు కలిసి వాయించడాన్ని జామ్ అంటారు. అదే పద్ధతిలో, ఇచ్చిన అంశం మీద, ఇచ్చిన గడువులోగా ఒక ఆటను మొదటినుంచి చివరిదాకా తయారు చెయ్యడమే గేమ్ జామ్. తెలుగువాళ్ళకి ఇది కొత్తేమీ కాదు. మన అవధానాల్లో పృచ్ఛకులు సమస్య ఇస్తారు, అవధాని అక్కడికక్కడే పూరించాలి. నిషిద్ధాక్షరిలోనైతే ఫలానా అక్షరం వాడకూడదని అడ్డుపడుతూ ఉంటారు కూడా. అడ్డంకి ఉంటేనే చమత్కారం బయటపడుతుందని మన పెద్దలకు ఎప్పుడో తెలుసు.

ఇప్పుడు మనం చూస్తున్న గేమ్ జామ్‌ల చరిత్ర 2002 నుంచి చెప్పుకోవచ్చు. ఆ ఏడాది కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో కొందరు ప్రోగ్రామర్లు 'ఇండీ గేమ్ జామ్' పేరుతో కలుసుకున్నారు. అదే సంవత్సరం 'లుడుం డేర్' అనే పోటీ ఇంటర్నెట్‌లో మొదలైంది. ఒంటరిగా, 48 గంటల్లో, బొమ్మలూ శబ్దాలూ అన్నీ స్వయంగా చేసుకోవాలన్న నియమంతో అది పేరు తెచ్చుకుంది. 2009 జనవరి చివరి వారాంతంలో 'గ్లోబల్ గేమ్ జామ్' మొదటిసారి 23 దేశాల్లో, 53 చోట్ల ఒకేసారి జరిగింది. వీటిలో చాలామందికి బహుమతి కన్నా ముఖ్యమైనది ఒకటి ఉంది: మొదలుపెట్టిన పని పూర్తయిందా లేదా అన్నది.

ఆకాశపు ఆటల పుట్టిల్లు

మనం ఉంటున్న ఈ అమెరికాలోనే ఆకాశపు ఆటలు పుట్టాయి. 1962లో మసాచుసెట్స్‌లోని ఎంఐటీలో స్టీవ్ రస్సెల్, ఆయన మిత్రులు కలిసి 'స్పేస్‌వార్' అనే ఆటను తయారు చేశారు. పీడీపీ-1 అనే కంప్యూటర్ మీద అది నడిచేది. అది బీరువాలంత కంప్యూటర్. తెర మధ్యలో ఒక నక్షత్రం ఉంటుంది. అది తన గురుత్వాకర్షణతో రెండు నౌకలనూ లాగుతూ ఉంటుంది. నక్షత్రంలో పడిపోకుండా తప్పించుకుంటూ ఒకరినొకరు కొట్టుకోవాలి.

మన పిల్లలు ప్రత్యేకంగా తెలుసుకోవలసిన కథ ఇంకొకటుంది. 1969 జూలై 20న అపోలో-11 చంద్రుడి మీద దిగింది. ఆ శరదృతువులోనే మసాచుసెట్స్‌లోని లెక్సింగ్టన్ హైస్కూల్లో చదువుతున్న జిమ్ స్టోరర్ అనే విద్యార్థి, బడిలో అందుబాటులో ఉన్న పీడీపీ-8 కంప్యూటర్ మీద చంద్రుడి మీద దిగే ఆటను రాశాడు. అందులో బొమ్మలే లేవు! ఎత్తు, వేగం, మిగిలిన ఇంధనం అంకెల్లో కాగితం మీద అచ్చయ్యేవి. ప్రతి 10 సెకన్లకూ ఎంత ఇంధనం మండించాలో ఆడేవాళ్ళు టైపు చెయ్యాలి. పదేళ్ళ తరవాత, 1979లో, అటారీ కంపెనీ ఇలాంటి ఆటనే బొమ్మలతో తయారు చేసి ఆటశాలల్లో పెట్టింది. ఒక హైస్కూలు విద్యార్థి చేసిన చిన్న ఆట అలాంటి ఆటలన్నిటికీ తొలి అడుగు అయింది.

1978లో జపాన్‌లో తొమొహిరో నిషికాదో తయారు చేసిన 'స్పేస్ ఇన్వేడర్స్' మాట కూడా చెప్పాలి. అందులో శత్రువులు తగ్గేకొద్దీ మిగిలినవాళ్ళ వేగం పెరుగుతుంది. ఆ రోజుల్లో కంప్యూటర్ శక్తి తక్కువ. తెర మీద బొమ్మలు ఎక్కువుంటే గీయడానికి ఎక్కువసేపు పట్టేది, బొమ్మలు తగ్గితే పని తేలికై వేగం పెరిగేది. దాన్ని ఆయన సరిదిద్దకుండా అలాగే ఉంచేశారు, ఎందుకంటే ఆట రక్తి కట్టింది! అడ్డంకే అందమైందన్నమాట.

ఏ ఆట ఎంచుకోవాలి?

అంతరిక్షం అనే అంశం ఇవ్వగానే పిల్లల దగ్గర ఆలోచనలకు కొదవ లేదు. 2021 జూలై 11న వర్జిన్ గెలాక్టిక్ వాహనంలో అంతరిక్షపు అంచుకు వెళ్ళివచ్చిన శిరీష బండ్ల గారి ప్రయాణాన్ని ఆటగా చేద్దామన్నారు కొందరు. ఆంధ్రప్రదేశ్‌లో పుట్టి హ్యూస్టన్‌లో పెరిగిన ఆవిడ కథ మన పిల్లలకు ఎంతో దగ్గరిది. మరి కొందరు చంద్రయాన్ అన్నారు. ఏది ఎంచుకోవాలో తేల్చడానికి మేం ఒకే ప్రశ్న వేసుకున్నాం: ఆడేవాళ్ళు ప్రతి క్షణం ఏం నిర్ణయించుకోవాలి? కథ ఎంత గొప్పదైనా, ఆడేవాళ్ళ చేతిలో నిర్ణయం లేకపోతే అది సినిమా అవుతుంది గానీ ఆట కాదు. చంద్రుడి మీద దిగేటప్పుడు నిర్ణయం ఒక్కటే: ఇంజను ఇప్పుడు వెలిగించాలా, ఇంకొంచెం ఆగాలా? ఒక్క మీట చాలు. రెండు రోజుల్లో పూర్తయ్యే ఆట అలాంటిదే.

పైగా ఇది మన నేల కథ. 2019లో శ్రీహరికోట నుంచి బయలుదేరిన చంద్రయాన్-2లోని విక్రమ్ ల్యాండర్ సెప్టెంబరు 7న, భారత కాలమానం ప్రకారం, నెమ్మదిగా దిగలేక చంద్రుణ్ణి ఢీకొట్టింది. అదే శ్రీహరికోట నుంచి 2023 జూలై 14న చంద్రయాన్-3 బయలుదేరింది. ఆగస్టు 23న దాని ల్యాండర్ దక్షిణ ధ్రువానికి దగ్గరగా క్షేమంగా దిగింది. చంద్రుడి మీద నెమ్మదిగా దిగిన నాలుగో దేశంగా భారతదేశం నిలిచింది. ఒకసారి పడి, మళ్ళీ లేచి గెలిచిన కథ ఇది. ఆటలో "మళ్ళీ ఆడు" అనే మీటకు ఇంతకన్నా మంచి అర్థం ఏముంటుంది?

బొమ్మ: ముగ్గులాగే చుక్కలతో

కంప్యూటర్ తెర మీద కనిపించే ప్రతి బొమ్మా చిన్న చిన్న చదరపు చుక్కలతో తయారవుతుంది. వాటినే పిక్సెల్ అంటారు. ఆ చుక్కలను దాచకుండా, కొద్ది చుక్కలను మాత్రమే వాడి, ఒక్కొక్కటీ ఆలోచించి పెట్టే చిత్రకళ పిక్సెల్ ఆర్ట్. సంక్రాంతికి అమ్మ, అమ్మమ్మ వాకిట్లో సరి చుక్క, సందు చుక్క పెట్టి ముగ్గు వేసేటప్పుడు ముందు చుక్కల లెక్క, తరవాత గీత. పోచంపల్లి చీర నేసేవారు కూడా నమూనాను ముందు గళ్ళ కాగితం మీద వేసుకుని, దాని ప్రకారం నూలుకు ముడులు కట్టి రంగులు అద్దుతారు. ఆ చీర మీది పువ్వు అంచు మెట్లు మెట్లుగా ఎందుకుంటుందో ఈసారి పరిశీలించి చూడండి.

మేం ఈ ఆటను స్క్రాచ్‌లో చేశాం. ఎంఐటీ మీడియా ల్యాబ్ వారు 2007లో అందరికీ అందించిన ఈ సాఫ్ట్‌వేర్ పిల్లల కోసమే తయారైంది, ఉచితం కూడా. దాని వేదిక వెడల్పు 480 చుక్కలు, ఎత్తు 360 చుక్కలు. మేం ఒక్కో చుక్కనూ నాలుగింతలు చేసుకుని, 120 వెడల్పు, 90 ఎత్తు ఉన్న గళ్ళలోనే అంతా గీశాం. రంగులు నాలుగే: నలుపు, తెలుపు, బూడిద, నారింజ.

మీరూ ప్రయత్నించండి. గళ్ళ కాగితం మీద 9 గళ్ళ వెడల్పు, 6 వరుసలు గుర్తు పెట్టుకోండి. మొదటి వరుసలో మధ్యన 3 గళ్ళు నింపండి. రెండో వరుసలో మధ్యన 5. మూడో వరుసలో కూడా ఆ 5 గళ్ళే, కానీ సరిగ్గా నడుమ గడిని ఖాళీగా వదలండి, అది కిటికీ. నాలుగో వరుసలో మధ్యన 7. అయిదో వరుసలో ఎడమ నుంచి రెండో గడి, ఎనిమిదో గడి మాత్రమే, అవి కాళ్ళు. ఆరో వరుసలో ఎడమ చివర 2, కుడి చివర 2, అవి పాదాలు. ల్యాండర్ సిద్ధం! ఇప్పుడు దీన్నే ఇంకో కాగితం మీద వేసి, కాళ్ళ నడుమ అయిదో వరుసలో 3 గళ్ళు, ఆరో వరుసలో 1 గడి నారింజ రంగుతో నింపండి. అది మంట. మీట నొక్కినప్పుడు రెండో బొమ్మ, వదిలినప్పుడు మొదటి బొమ్మ చూపిస్తే ఇంజను వెలిగి ఆరినట్టు కనిపిస్తుంది.

ఆట లోపలి లెక్క

బొమ్మ గీసినంత మాత్రాన అది కదలదు. స్క్రాచ్‌లో కంప్యూటర్ సెకనుకు 30 సార్లు అదే పనిని మళ్ళీ మళ్ళీ చేస్తుంది: వేగం ఎంతో లెక్క కట్టు, నౌకను అంత కిందికి జరుపు, నేల తగిలిందేమో చూడు. ఈ లెక్కను చిన్న అంకెలతో కాగితం మీద ఆడవచ్చు.

నౌక ఎత్తు 60 గళ్ళు, వేగం 0, ఇంధనం 10 అనుకోండి. ప్రతి క్షణం చంద్రుడు లాగుతాడు కాబట్టి వేగం 1 పెరుగుతుంది. ఇంజను వెలిగిస్తే ఆ క్షణం వేగం 2 తగ్గుతుంది, ఇంధనం 1 ఖర్చవుతుంది. అంటే ఇంజను వెలిగిన క్షణంలో మొత్తం మీద వేగం 1 తగ్గుతుంది. తరవాత వేగం ఎంతో అన్ని గళ్ళు నౌక కిందికి దిగుతుంది. నేల తాకేటప్పుడు వేగం 2 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటే గెలుపు. 3 ఉంటే కూలినట్టే.

మొదటి 7 క్షణాలు ఇంజను వెలిగించకుండా వదిలేద్దాం. వేగం 1, 2, 3, 4, 5, 6, 7. మొత్తం 28 గళ్ళు పడింది, ఎత్తు 32. ఇప్పుడు వరుసగా 6 సార్లు వెలిగిస్తే వేగం 6, 5, 4, 3, 2, 1 అవుతుంది. ఇంకో 21 గళ్ళు దిగి, ఎత్తు 11. ఇక్కడి నుంచి ఒకసారి వదిలి, ఒకసారి వెలిగిస్తూ వెళితే ఎత్తు 9, 8, 6, 5, 3, 2, చివరికి 0. నేల తాకినప్పుడు వేగం 2, మిగిలిన ఇంధనం 1. గెలిచాం!

మరి ఒక్క క్షణం ఆలస్యం చేస్తే? 8 క్షణాలు వదిలేస్తే ఎత్తు 24, వేగం 8. అప్పటినుంచి ఆపకుండా ఇంజను వెలిగించినా ఎత్తు 17, 11, 6, 2 అవుతుంది. ఆ తరవాతి క్షణంలో వేగం 3తో నేల తగులుతుంది. కూలింది! ఇంధనం సగం మిగిలే ఉంది, కానీ సమయం మిగల్లేదు. పోనీ భయపడి తొందరగా, 5 క్షణాలకే వెలిగించి, అక్కడినుంచి వదులుతూ వెలిగిస్తూ వెళితే, 17 గళ్ళ ఎత్తులో ఉండగానే ఇంధనం ఖాళీ అయి, నౌక రాయిలా పడిపోతుంది. ముందుకూ వెనక్కూ మధ్య ఉన్న ఈ సన్నని సందులోనే ఆట ఉంది. మన పిల్లలు ఈ కాగితం ఆటను గంటసేపు ఆడారు. వేగం, త్వరణం అన్న మాటలకు అర్థం అడగవలసిన అవసరం ఎవరికీ రాలేదు.

అక్షరాల దగ్గర ఆగిన పని

అసలు చిక్కు ఇక్కడ వచ్చింది. ఎత్తు, వేగం, ఇంధనం ఎంతున్నాయో తెర మీద చూపించాలి. ఇంగ్లీషు పెద్ద అక్షరాన్ని 5 గళ్ళ వెడల్పు, 7 గళ్ళ ఎత్తులో చక్కగా రాయవచ్చు. మన అక్షరం అందులో ఇమడదు. కంప్యూటర్‌లో అక్షరాలకు అంకెలు కేటాయించే యూనికోడ్‌లో 1991 నుంచే తెలుగుకు చోటుంది. ఇవాళ ఫోన్లలో తెలుగు హాయిగా చదువుకుంటున్నాం. కానీ ఆ ఫాంట్లను ఇంత కొద్ది చుక్కల్లోకి కుదిస్తే అక్షరం అలికినట్టవుతుంది. అందుకని ఒక్కో మాటనూ బొమ్మలా చేత్తో గీయాలి. తలకట్టు, గుడి, ఏత్వాలకు పైన 4 వరుసలు, అక్షరం ఒంటికి 8 వరుసలు, వత్తులకు కింద 4 వరుసలు, మొత్తం 16 వరుసలు పెట్టుకున్నాం. ఇది శనివారం మధ్యాహ్నమంతా తినేసే పని.

"ఇంగ్లీషులో రాస్తే పది నిమిషాల్లో అయిపోతుంది కదా?" అని పిల్లలు అడిగారు. అది న్యాయమైన ప్రశ్నే. ఆ సమయంలో ఉల్కలు పెట్టవచ్చు, రెండో అంచె పెట్టవచ్చు, సంగీతం పెట్టవచ్చు. "తెలుగు మన తల్లి భాష, అంతే" అని గదమాయిస్తే పని జరిగేది గానీ మనసు కలిసేది కాదు. అందుకని రెండు పక్కలా మాట్లాడుకున్నాం. మన పిల్లలకు తెలుగు ఆదివారం పూట పుస్తకంలో ఉండే భాష, పెద్దవాళ్ళు ప్రశ్నలు వేసే భాష. తాము ఇష్టంగా తయారు చేసేవన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి. ఏ భాషలో మనం ఏదీ తయారు చెయ్యమో, ఆ భాష మనకు చుట్టంలా ఉండిపోతుంది, ఇంటిమనిషి కాదు. ఈ మాట మీద పిల్లలే ఓటు వేసుకున్నారు. ఉల్కలు పోయాయి, రెండో అంచె పోయింది, సంగీతం పోయింది. అయిదు తెలుగు మాటలు మిగిలాయి: ఎత్తు, వేగం, ఇంధనం, దిగింది, కూలింది.

ఆ మధ్యాహ్నం జరిగిన చదువు మాత్రం తక్కువది కాదు. 'ఇంధనం' గీస్తున్నప్పుడు 'ధ' పొట్టలో ఒక్క చుక్క పడితే చాలు, అది 'థ' అయిపోతుంది! ఏళ్ళ తరబడి కాపీ పుస్తకంలో దిద్దినా గుర్తుండని ఆ తేడా, ఒక్క పిక్సెల్ ఎక్కడ పెట్టాలా అని ముగ్గురు కలిసి తర్జనభర్జన పడితే మరిచిపోలేనంతగా మనసుకు పట్టింది. 'ఎత్తు'లో త కింద త వత్తు ఇరికించడానికి నాలుగు రకాలు గీశారు. అచ్చులో చూసే అక్షరాన్ని ఎవరో ఒకరు కూర్చుని గీశారన్న సంగతి వాళ్ళకి ఆ రోజు అర్థమైంది. ఆట పూర్తయ్యాక దాన్ని ఇండియాలోని తాతయ్యలకు, అమ్మమ్మలకు పంపించారు. ఇంగ్లీషు ఆటల పక్కకు రాని పెద్దవాళ్ళు కూడా తెర మీద 'కూలింది' అని చదువుకుని, మళ్ళీ మీట నొక్కారు.

మీరు చెయ్యాలనుకుంటే

రెండు రోజుల పనిని ఇలా పంచుకోవచ్చు. శుక్రవారం సాయంత్రం కాగితం ఆట మాత్రమే ఆడండి. అంకెలు మార్చి చూడండి: ఇంధనం 10 బదులు 8 ఇస్తే గెలవడం కుదురుతుందా? శనివారం పొద్దున కంప్యూటర్‌లో ఒక ఉత్త చతురస్రం పడేలా, మీట నొక్కితే ఆగేలా చెయ్యండి. బొమ్మలు అందంగా లేకపోయినా ఆ పూటకే ఆట ఆడగలిగేలా ఉండాలి, ఇది అన్నిటికన్నా ముఖ్యం. మధ్యాహ్నం బొమ్మలు, అక్షరాలు. ఆదివారం పొద్దున ఆట తయారీలో పాలుపంచుకోని ఒకరి చేత ఆడించి, పక్కనే మాట్లాడకుండా కూర్చుని చూడండి. వాళ్ళు ఎక్కడ తికమక పడితే అక్కడ సవరించండి. మధ్యాహ్నం తరవాత కొత్తవి ఏవీ కలపకండి.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. మనలో చాలామంది సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లోనే ఉన్నాం కాబట్టి చెయ్యి దురద పెడుతుంది. దయచేసి మౌస్ పిల్లల చేతిలోనే ఉండనివ్వండి. మీరు మాటలు అందించండి. ఇంధనం అన్న మాట తెలియని పిల్లవాడికి ఆ మాట ఇవ్వండి, నానమ్మకు ఫోన్ చేసి అడిగించండి. ఏది తీసెయ్యాలో తేల్చుకోవలసి వచ్చినప్పుడు వాళ్ళనే తేల్చుకోనివ్వండి.

పిల్లలూ, గళ్ళ కాగితం, పెన్సిలు తీసుకోండి. 60 గళ్ళ ఎత్తు, 10 ఇంధనం. పదో వంతు కూడా మిగలకుండా దిగగలరా, రెండు మిగుల్చుకుని దిగగలరా? ఎలా దిగారో రాసి వచ్చే వారం బడికి తీసుకురండి, తెలుగులోనే సుమా! మీ నౌకలన్నీ క్షేమంగా దిగాలని కోరుకుంటున్నాం.